దీనారు నడిచిన దారి



నేను మారిషస్ ద్వీపంలో పుట్టి, అక్కడే ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర బోధించి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుణ్ణి. మా పూర్వులు విశాఖపట్నం ప్రాంతం నుండి బయలుదేరి, కూలి ఒప్పందం మీద మద్రాసు రేవులో ఓడ ఎక్కి, చెరకు తోటలలో పనిచేయడానికి వచ్చినవారు. ఇంట్లో మేము మాట్లాడుకున్నది క్రియోల్ భాష. బడిలో చదివినవి ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు అక్షరాలు నాకు నలభై ఏళ్ళు దాటిన తరువాత, మందిరం వెనుక గదిలో జరిగే సాయంకాలపు తరగతిలో వచ్చినవి. కనుక నా తెలుగులో పుస్తకాల వాసన ఎక్కువగా ఉంటే పాఠకులు మన్నించగలరు.

చిన్ననాటి నుండి నాకు రోమన్ల చరిత్ర అంటే మక్కువ. ఉద్యోగ విరమణ తరువాత, మన తరగతుల పిల్లల కోసం రోమ్ కథలను సులభమైన తెలుగులో రాయడానికి పూనుకున్నాను. ఏ ఊరు వెళ్ళినా అక్కడి మ్యూజియం ఎక్కడ అని మొదట అడగడం అలవాటైనది. గత శీతకాలంలో కువైట్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంట్లో రెండు నెలలు గడిపినప్పుడు కూడా అదే అడిగాను.

"నాన్నగారూ, రోమన్లు ఇక్కడికి రానే లేదు కదా! ఇక్కడి మ్యూజియంలో మీకేం దొరుకుతుంది?" అని మా అమ్మాయి నవ్వింది.

ఆమె మాట నిజమే. కువైట్ నేల ఎన్నడూ రోమ్ ఏలుబడిలో లేదు. అయినా వెళ్ళాను. అక్కడ నాకు దొరికినది ఏమిటో, అది మన కుటుంబాలకు ఎందుకు సంబంధించినదో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇకారోస్ శిల ముందు

ఆ రోజు నాతో పదకొండేళ్ళ మా మనుమరాలు వచ్చింది. మమ్మల్ని కారులో తీసుకువెళ్ళినాయన మా అల్లుడి సంస్థలో డ్రైవరు, కడప జిల్లా మనిషి. మ్యూజియం ముందు మమ్మల్ని దించి, తాను కారులోనే కూర్చుంటానన్నాడు. లోపలికి రమ్మని నేను బలవంతం చేశాను.

"ఇరవై రెండేండ్లాయ సార్ నేనీడికొచ్చి. దినమూ ఈ రోడ్డు మీదనే పోతాంటా. లోపల ఏముండాదో ఎప్పుడూ చూడల్యా. మనట్లాటోల్లకు ఇట్లాంటియి ఎందుకులే అని" అన్నాడు.

ముప్పై ఏళ్ళు బడిపిల్లలను మ్యూజియాలకు తిప్పిన నాకు ఆ మాట మనసులో గుచ్చుకున్నది. ముగ్గురమూ కలిసే లోపలికి వెళ్ళాము.

కువైట్ జాతీయ మ్యూజియం 1957లో ఒక పాత భవనంలో మొదలైనది. గల్ఫ్ వీధిలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇప్పటి భవనాలను ఫ్రెంచి వాస్తుశిల్పి మిషెల్ ఎకోషార్ రూపొందించాడు. అవి 1983లో తెరుచుకున్నవి. ఏడేళ్ళకే, 1990 ఆగస్టులో, ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినది. మ్యూజియంలోని వస్తువులను బాగ్దాద్‌కు తరలించారు. భవనాలకు నిప్పు పెట్టారు. ఆవరణలో నిలిపిన ముహల్లబ్ అనే పాత తెరచాప ఓడ కూడా కాలిపోయినది. యుద్ధం ముగిసిన తరువాత ఐక్యరాజ్య సమితి ద్వారా చాలా వస్తువులు తిరిగి వచ్చినవి. ఒక దేశం తన జ్ఞాపకాలను పోగొట్టుకుని మళ్ళీ లెక్కపెట్టి తెచ్చుకున్న చోటు అది.

కువైట్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో ఫైలకా అనే చిన్న దీవి ఉన్నది. అక్కడ 1958 నుండి 1963 వరకు డెన్మార్క్ పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వకాలు జరిపారు. నాలుగు వేల ఏళ్ళ నాటి దిల్మున్ నాగరికతకు చెందిన గుండ్రని రాతి ముద్రలు దొరికినవి. దాని తరువాతి కాలపు గ్రీకు కోట ఒకటి బయటపడినది. ఆ కోటలోని గుడి దగ్గర 1960లో గ్రీకు అక్షరాలు చెక్కిన పెద్ద రాతి పలక దొరికినది. ఇకారోస్ శిల అని ప్రసిద్ధికెక్కిన ఆ పలక ఈ మ్యూజియంలోనే ఉన్నది.

ఇకారోస్ అనేది ఫైలకా దీవికి గ్రీకులు పెట్టిన పేరు. గ్రీసు సముద్రంలోని ఇకారోస్ దీవి పేరునే దీనికీ పెట్టమని అలెగ్జాండర్ ఆజ్ఞాపించినట్లు అరియన్ అనే చరిత్రకారుడు రాశాడు. అరియన్ గ్రీకు భాషలో రాసినా, ఆయన రోమ్ సామ్రాజ్యపు అధికారి. హాద్రియన్ చక్రవర్తి కాలంలో ఒక రాష్ట్రానికి గవర్నరుగా పనిచేశాడు. ఆయన కంటే ముందు, అగస్టస్ కాలంలో, స్ట్రాబో కూడా తన భూగోళ గ్రంథంలో ఈ దీవిని పేర్కొన్నాడు. రోమన్ సైనికుడు అడుగుపెట్టని ఈ దీవి, రోమ్ ప్రజలు చదివిన పుస్తకాలలో మాత్రం ఉన్నది.

శిల మీద ఉన్నది ఒక ఉత్తరం. ఇకాదియోన్ అనే అధికారి అనాక్సార్ఖోస్ అనే మరొక అధికారికి దానిని పంపాడు. దీవిలోని గుడిని గురించి రాజుగారికి ఉన్న శ్రద్ధ, అక్కడ నివసించేవారి హక్కులు, సాగుచేసుకునే భూమి మొదలైన విషయాలు అందులో ఉన్నవి. నేను ఇదంతా మనుమరాలికి వివరిస్తుండగా డ్రైవరు రాయి దగ్గరకు వంగి అక్షరాలను చాలాసేపు చూశాడు. ఆయన తండ్రి కడప బండల గనిలో పనిచేసినవాడట.

"ఉత్తరం రాసినోని పేరుండాది, అందుకున్నోని పేరుండాది. రాయి చెక్కినోని పేరు యాడుంది సార్?" అని అడిగాడు.

ఎక్కడా లేదని చెప్పాను. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. ఆ ప్రశ్న మాత్రం ఆ రోజంతా నాతోనే ఉన్నది.

ఓడను చూసిన చక్రవర్తి

ఇకారోస్ శిలను వదిలి, మ్యూజియం ఎదుటి సముద్రపు ఒడ్డున కూర్చుని, నేను మనుమరాలికి ట్రాజన్ చక్రవర్తి కథ చెప్పాను. రోమ్ చక్రవర్తులలో ఈ గల్ఫ్ జలాలను చూసినవాడు ఆయన ఒక్కడే. ట్రాజన్ క్రీ.శ. 53లో పుట్టాడు. పార్థియన్లతో యుద్ధం చేస్తూ టైగ్రిస్ నది వెంబడి దిగివచ్చి, క్రీ.శ. 116లో ఈ సముద్రపు కొన వరకు చేరుకున్నాడు. అక్కడి రేవు పట్టణం పేరు ఖరాక్స్. అది ఇప్పటి ఇరాక్‌లో, కువైట్‌కు ఉత్తరాన, బస్రా ప్రాంతంలో ఉండేది.

ఆ రేవులో భారతదేశానికి బయలుదేరుతున్న ఒక ఓడను ట్రాజన్ చూశాడని కాసియస్ దియో అనే చరిత్రకారుడు రాశాడు. తాను ఇంకా యౌవనంలో ఉంటే తప్పక భారతదేశానికి వెళ్ళి ఉండేవాడినని చక్రవర్తి విచారించాడట. అప్పటికి ఆయన వయస్సు అరవై దాటినది. మరుసటి ఏడాదే, రోమ్‌కు తిరిగి వెళ్ళే దారిలో, మరణించాడు. ఆయన గెలిచిన ఈ ప్రాంతాలను తరువాత వచ్చిన హాద్రియన్ వదులుకున్నాడు.

అరవై దాటిన నాకు ఈ కథ ఎప్పుడూ ఇష్టమే. అయితే ఆ రోజు మొదటిసారి మరొక ఆలోచన కలిగినది. చక్రవర్తి ఓడను చూశాడని దియో రాశాడు. ఆ ఓడలో ఉన్నవారు ఎవరు? తెరచాపను లాగినవారు, అడుగున నీళ్ళు తోడినవారు ఏ ఊరివారు? వారిలో భారతదేశానికి ఇంటికి తిరిగి వెళ్తున్నవారు ఉన్నారా? చక్రవర్తి కలగన్న ప్రయాణం వారికి రోజువారీ కూలి. ఎన్నో ఏళ్ళు తరగతిలో ఈ కథ చెప్పాను గాని, ఆ ఓడలోని మనుషుల గురించి ఒక్క విద్యార్థినీ ఆలోచించమనలేదు.

జేబులో దొరికిన రోమ్

మనుమరాలికి దాహం వేసినది. డ్రైవరు నీళ్ళ సీసాలు కొని తెచ్చి, మిగిలిన చిల్లరను నా చేతిలో పెట్టాడు. వంద ఫిల్సుల నాణెం మీద తెరచాప ఓడ బొమ్మ ఉన్నది. కువైట్ నాణేలన్నిటి మీదా ఆ ఓడే ఉంటుంది. దానిని చూస్తుండగా నాకు ఒక్కసారిగా తట్టినది. రోమ్ కోసం గాజు పెట్టెలలో వెతుకుతున్నాను. అది మా డ్రైవరు జేబులో ఉన్నది.

వెయ్యి ఫిల్సులు కలిస్తే ఒక దీనారు. దీనారు అనే మాట అరబ్బీలోకి వచ్చినది రోమన్ల వెండి నాణెం పేరు నుండి. లాటిన్‌లో దానిని దెనారియుస్ అంటారు. పదేసి విలువ గలది అని దాని అర్థం. ఆరంభంలో అది పది రాగి నాణేలకు సమానం. క్రీ.పూ. 211 ప్రాంతంలో రోమ్ ఆ నాణేన్ని ముద్రించడం మొదలుపెట్టినది. ఆ పేరు గ్రీకు, సిరియా భాషల గుండా నడిచి అరబ్బీలో దీనారు అయినది. ఫిల్స్ అనే మాట కూడా అటువంటిదే. ఫొల్లిస్ అనే రాగి నాణెం పేరు నుండి వచ్చినది.

మరొక విచిత్రం కూడా ఉన్నది. 1961 వరకు కువైట్ అంగడిలో చెల్లినది భారతదేశపు రూపాయే. 1959లో గల్ఫ్ దేశాల కోసం భారత రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయలను ముద్రించినది. 1961 ఏప్రిల్‌లో కువైట్ తన సొంత దీనారును ప్రవేశపెట్టి, పదమూడున్నర కంటే కొంచెం తక్కువగా, అంటే 13⅓ రూపాయలకు ఒక దీనారు చొప్పున మార్చుకున్నది.

ఈ సంగతి చెబితే డ్రైవరు నమ్మలేదు. "దినారంటే అరబ్బోల్ల మాట అనుకుంటి. ఇది రోముదా సార్? మా ఊర్లో ఆడోల్లు సుతా దినార్ల లెక్కనే మాట్లాడతారు. పిల్ల పెండ్లికి ఎన్ని దినార్లు జమాయ అని" అన్నాడు.

ఆయన ఊరి ఆడవారి మాట విన్నప్పుడు నాకు నాగార్జునకొండ గుర్తుకు వచ్చినది.

తెలుగు నేల మీద దీనారు

నాగార్జునకొండ లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ జలాల అడుగున ఉన్నది. ఒకప్పుడు అది ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి. అక్కడి ప్రాకృత శాసనాలలో ఒకదానిని మహాదేవి రుద్రధర భట్టారిక వేయించినది. ఆమె ఉజ్జయిని రాజకుమార్తె, వీరపురుషదత్తుని రాణి. అక్కడి మహాచైత్యానికి ఒక రాతి స్తంభాన్ని, 170 దీనారి మాషకాలను ఆమె దానం చేసినట్లు ఆ శాసనం చెబుతున్నది. అంటే సుమారు 1700 ఏళ్ళ క్రితమే కృష్ణా తీరాన ఒక స్త్రీ దానాన్ని దీనారు పేరుతో లెక్కపెట్టారు. కడప జిల్లా స్త్రీలు నేడు దీనార్లలో లెక్క చెప్పుకోవడం కొత్త సంగతి కాదు. ఆ మాట మన నేలకు పాత చుట్టమే.

రోమ్ డబ్బు మన నేలకు ఎందుకు వచ్చినది? దానికి ముఖ్యమైన జవాబులలో ఒకటి బట్ట. క్రీ.శ. మొదటి శతాబ్దంలో, ఈజిప్టులో ఉండిన ఒక గ్రీకు వర్తకుడు సముద్ర వ్యాపారానికి మార్గదర్శిగా ఒక చిన్న పుస్తకం రాశాడు. దానిని పెరిప్లస్ అంటారు. భారతదేశపు తూర్పు తీరంలో మసాలియా అనే సీమ ఉన్నదని, అక్కడ సన్నని నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని అందులో ఉన్నది. మసాలియా అంటే నేటి మచిలీపట్నం పరిసరాలు. రెండవ శతాబ్దంలో టోలెమీ ఆ తీరంలో కొంటకోస్సిలా అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. అది నేటి కృష్ణా జిల్లాలోని ఘంటసాల గ్రామమని పండితుల నిర్ణయం. మహాగాయకుని ఇంటిపేరుగా మనందరికీ తెలిసిన ఘంటసాలే అది. అక్కడి ఒక ప్రాచీన శాసనంలో శివకుడు అనే మహానావికుని పేరు ఉన్నది. శాతవాహన రాజులు పులుమావి, యజ్ఞశ్రీ కాలపు నాణేల మీద రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ కనిపిస్తుంది. కువైట్ వారి నాణెం మీద ఓడను చూసి నేను ఆశ్చర్యపడ్డాను గాని, మన తీరంలో ఆ ఆలోచన రెండు వేల ఏళ్ళ నాటిది.

బట్టకు, మిరియాలకు, ముత్యాలకు బదులుగా రోమ్ నుండి వెండి, బంగారం వచ్చినవి. భారతదేశం ప్రతి సంవత్సరం తమ సామ్రాజ్యం నుండి 5 కోట్ల సెస్టెర్సులు లాగుకుంటున్నదని ప్లినీ అనే రోమన్ రచయిత వాపోయాడు. నాలుగు సెస్టెర్సులు ఒక దెనారియుస్. అంటే ఒక కోటి 25 లక్షల దెనారియుస్‌లు. అగస్టస్ కాలంలో ఒక సైనికుని సంవత్సర జీతం 225. కాబట్టి ప్లినీ లెక్క సుమారు 55 వేల మంది సైనికుల ఏడాది జీతానికి సమానం. ఈ గుణకార భాగహారాలు మా మనుమరాలే చేసింది. ప్లినీ లెక్క ఎంత ఖచ్చితమైనదని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటారు గాని, నాణేలు వచ్చిన మాట నిజం. నల్గొండ ప్రాంతంలోని అక్కెనపల్లిలో దాదాపు 1500 రోమన్ వెండి నాణేలు దొరికినవి. వాటిలో ఎక్కువ భాగం అగస్టస్, తిబేరియస్ చక్రవర్తులవి. వినుకొండలో బంగారు నాణేలు దొరికినవి.

మన దేశంలో దొరికిన రోమన్ నాణేలలో కొన్నిటికి రంధ్రాలు, కొన్నిటికి కొలికీలు కనిపిస్తాయి. వాటిని ఖర్చు పెట్టక మెడలో వేసుకున్నారన్నమాట. మన ఇళ్ళలోని కాసులపేరు గుర్తుకు రాక మానదు. తెలంగాణలోని కొండాపూర్‌లో 1940లలో జరిగిన తవ్వకాలలో దొరికినవి ఇంకా విశేషమైనవి. అక్కడ అగస్టస్ బంగారు నాణెంతో పాటు, రోమన్ నాణేలను అచ్చుగా చూసి మట్టితో చేసిన బిళ్ళలు కూడా దొరికినవి. తిబేరియస్ ముఖాన్ని మట్టిలో అచ్చువేసి, దారం దూర్చుకోవడానికి వీలుగా చేసి, కాల్చారు. బంగారపు కాసు కొనలేని ఇంటి స్త్రీ మెడలో మట్టి కాసు వేలాడి ఉంటుందని నేను ఊహించుకుంటాను. నాణేన్ని ముద్రించిన చక్రవర్తి పేరు మనకు తెలుసు. ఆ నాణేన్ని సంపాదించిన బట్టను నేసినవాని పేరు తెలియదు. మట్టి బిళ్ళను చేసిన కుమ్మరి పేరూ తెలియదు. రాయి చెక్కినవాని పేరు ఎక్కడ అని మా డ్రైవరు అడిగినది సరిగా ఇదే.

సరుకుల జాబితాలో మనుషులు

పెరిప్లస్‌లో ఈ గల్ఫ్ గురించి కూడా ఒక చిన్న భాగం ఉన్నది. ఖరాక్స్ దగ్గర అపోలోగోస్ అనే రేవుకు భారతదేశపు పశ్చిమ తీరంలోని భరుకచ్ఛం నుండి పెద్ద ఓడలు వచ్చేవి. టేకు దుంగలు, నల్లచేవ కర్ర, రాగి తెచ్చేవి. ఇటీవలి కాలం వరకు కువైట్ వారి బూమ్ ఓడలు మలబారు టేకుతోనే తయారైనవంటే ఆ దారి ఎంత పాతదో చూడండి. తిరుగు ప్రయాణంలో ఇటు నుండి వెళ్ళే సరుకుల జాబితాను కూడా ఆ వర్తకుడు ఇచ్చాడు. ముత్యాలు, ఊదా రంగు, బట్టలు, ద్రాక్షసారా, ఖర్జూరాలు, బంగారం, బానిసలు.

ఈ జాబితాను నేను ఎన్నో సార్లు చదివాను. పిల్లల చేత నోట్సు పుస్తకాలలో రాయించాను. చివరి మాట దగ్గర ఒక్కనాడూ ఆగలేదు. కువైట్ సముద్రపు ఒడ్డున దానిని మనుమరాలికి చెబుతూ మొదటిసారి ఆగిపోయాను.

ఎందుకంటే మా ముత్తాత కూడా ఒక జాబితాలో ఉన్నాడు. ఆయన బానిస కాదు. అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేసి వచ్చిన కూలీ. నెలకు అయిదు రూపాయల జీతం, తిండిగింజలు అని ఒప్పందం. 1834 నుండి భారతదేశం విడిచి మారిషస్ చేరినవారు దాదాపు ఐదు లక్షల మంది. వారు ఓడ దిగి పోర్ట్ లూయిస్‌లో ఎక్కిన మెట్లను, వలస కార్యాలయపు కట్టడాలను నేడు ఆప్రవాసి ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. మన తెలుగువారిని అక్కడ చాలాకాలం కోరింగీలు అని పిలిచారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అది. ప్రతి కూలీకి ఒక సంఖ్య ఇచ్చారు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ పాత చిట్టాలు భద్రంగా ఉన్నవి. ఉద్యోగ విరమణ తరువాత అక్కడికి వెళ్ళి మా ముత్తాత పంక్తిని చూశాను. సంఖ్య ఉన్నది. ఎత్తు ఉన్నది. ఒంటి మీది పుట్టుమచ్చ ఉన్నది. పేరు మాత్రం రాసినవాని చెవికి విన్నట్లుగా విరిగిపోయి ఉన్నది. దానిని సరిగా ఎలా పలకాలో నాకు నేటికీ తెలియదు. అగస్టస్ నుండి చివరి చక్రవర్తి వరకు వరుస తప్పకుండా చెప్పగల నేను, మా ఇంటి మొదటి మనిషి పేరును పలకలేను.

ఇక్కడ ఒక తప్పును ఒప్పుకోవాలి. మా అమ్మ దగ్గర ఒక వెండి రూపాయి ఉండేది. దాని మీద విక్టోరియా రాణి ముఖం, పైన చిన్న కొలికీ. మా ముత్తవ్వ దానిని నల్లదారంలో మెడకు కట్టుకునేదట. తోటలో కూలి చేసి దాచుకున్న మొదటి రూపాయి అది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, రేపు తరగతిలో రోమన్ నాణేల పాఠం చెబుతానని ఇంట్లో అన్నాను. అమ్మ పెట్టె తెరిచి ఆ రూపాయిని నా చేతిలో పెట్టి, "దీన్ని కూడా పిల్లలకు చూపించు" అన్నది. నేను తీసుకున్నాను. తరగతిలో మాత్రం దానిని జేబులోనే ఉంచి, పుస్తకంలోని తిబేరియస్ నాణెం బొమ్మను చూపించాను. కూలివాళ్ళ ఇంటి బిడ్డనని పిల్లల ముందు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. సాయంత్రం అమ్మ "పిల్లలు ఏమన్నారు?" అని అడిగింది. బాగున్నదన్నారని అబద్ధం చెప్పాను. ఆమె సంతోషించింది. ఆ సంతోషం నన్ను నలభై ఏళ్ళుగా బాధపెడుతున్నది.

తిబేరియస్ నాణేన్ని మెడలో కట్టుకున్న స్త్రీకి రోమ్ రాజకీయాలతో పని లేదు. అది తన ఇంటివారి కష్టం లోహంగా మారిన రూపం. మా ముత్తవ్వ రూపాయి కూడా అంతే. మా డ్రైవరు దాచే దీనార్లు రేపు ఆయన కూతురి మెడలో గొలుసు అవుతాయి. మూడూ ఒకే వస్తువు. నేను ఒకదానిని చరిత్ర అన్నాను, మరొకదానిని సిగ్గు అనుకున్నాను, మూడవదానిని గమనించనే లేదు.

ఇందులో మనవి ఏవి?

మ్యూజియంలో ఉండగా మనుమరాలు నన్ను ఒక మాట అడిగింది. "తాతయ్యా, ఇందులో మనవి ఏవి?" అప్పుడు నేను ఏవీ లేవమ్మా అన్నాను. ఒడ్డున కూర్చుని ఇదంతా చెప్పుకున్న తరువాత ఆ జవాబును మార్చుకున్నాను. దీనారు అనే మాట మనది కూడా. ఓడ బొమ్మ మనది కూడా. పేరు లేకుండా మిగిలిపోయిన శిల్పి, నావికుడు, నేతగాడు మనవారే. వారిని మ్యూజియం చూపదు. కాని చూడడం నేర్చుకున్నవారికి ప్రతి వస్తువు వెనుకా వారు కనిపిస్తారు.

తిరిగి వస్తుండగా మా డ్రైవరు చాలాసేపు మౌనంగా కారు నడిపాడు. తరువాత, "వచ్చే నెల నా కొడుకు వస్తాడు సార్, చూసిపోనీకి. వానికి ఆ రాయి చూపిస్తా. చెక్కినోని పేరు లేదని సుతా చెప్తా" అన్నాడు. ఇరవై రెండేళ్ళు ఆ తలుపు ముందు నుండి వెళ్ళిపోయినవాడు ఇక దాని లోపలికి దారి చూపేవాడు అయినాడు. నేను ఆ రోజు మ్యూజియంలో చూసిన వాటన్నిటిలో నాకు ఎక్కువ ఆనందం కలిగించినది ఇదే.

మారిషస్ తిరిగి వెళ్ళగానే అమ్మ రూపాయిని తీసి సాయంకాలపు తరగతికి పట్టుకెళ్ళాను. ఈసారి జేబులో ఉంచలేదు. పిల్లలందరి చేతుల గుండా అది తిరిగింది. మా ముత్తవ్వ కథ చెప్పాను. మా అమ్మతో చెప్పిన అబద్ధం కూడా చెప్పాను. ఒక పిల్లవాడు తన ఇంట్లో అమ్మమ్మ పెట్టెలో ఏమున్నదో అడుగుతానన్నాడు. మరుసటి వారం మరో ఇద్దరు ఇంటి నుండి వస్తువులు తెచ్చారు. ఒకటి ఇత్తడి చెంబు. ఒకటి చిరిగిన భజనల పుస్తకం.

ఈ పత్రిక చదివే కుటుంబాలకు నా మనవి ఇంతే. మీరు ఏ దేశంలో ఉన్నా పిల్లలను మ్యూజియానికి తీసుకువెళ్ళండి. అది రోమ్‌ది కావచ్చు, అరబ్బులది కావచ్చు, మరెవరిదైనా కావచ్చు. ప్రతి వస్తువు ముందు రెండు ప్రశ్నలు వేయించండి. దీనిని ఎవరు చేయించారు? దీనిని ఎవరు చేశారు? మొదటి ప్రశ్నకు జవాబు పలక మీద రాసి ఉంటుంది. రెండవ దానిని మన పిల్లలు వెతకాలి. ఇంటికి వచ్చిన తరువాత మీ పెద్దల పెట్టె తెరిచి, అందులోని వస్తువుల గురించి అవే ప్రశ్నలు తెలుగులో అడగనివ్వండి. పెద్దలు ఉండగానే అడగనివ్వండి. మా ముత్తాత పేరు సరిగా ఎలా పలకాలో చెప్పగలిగినవారు మా ఇంట్లో ఒకప్పుడు ఉండేవారు. నేను అప్పుడు రోమ్ గురించి చదువుకుంటున్నాను.